అమ్ముడైన ఏళ్లు: జీన్ సిమన్స్ నట జీవితం

జీన్ సిమన్స్‌కు ఇరవై రెండేళ్లు వచ్చిన 1951లో, బ్రిటన్‌లోని ర్యాంక్ సంస్థ ఆమెతో తనకున్న ఒప్పందంలో మిగిలిన గడువును అమెరికాలోని ఆర్కేవో స్టూడియో అధిపతి హౌవర్డ్ హ్యూస్‌కు అమ్మేసింది. అప్పటికే ఆమె డేవిడ్ లీన్, మైకేల్ పావెల్, లారెన్స్ ఒలీవియర్‌ల దర్శకత్వంలో నటించి, వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి అందుకుని, ఆస్కార్ నామినేషన్ వరకూ వెళ్లారు. అయినా ఆ బేరంలో ఆమె స్థానం స్టూడియో గోదాములోని సెట్టు సామానుకు భిన్నమేమీ కాదు. ఆమె గురించి రాసేవారు అందాన్నీ, ఇద్దరు ప్రసిద్ధులైన భర్తలనూ, రాకుండా పోయిన ఆస్కార్‌నూ తప్పక ప్రస్తావిస్తారు. అంతకంటే ముఖ్యమైనది, తక్కువగా చర్చకు వచ్చేది మరొకటి ఉంది. ఏ పాత్ర చేయాలో, ఏది వదులుకోవాలో తాను కాక ఇతరులు నిర్ణయించిన రోజుల్లో ఆమె తన నటనను ఎలా కాపాడుకున్నారు, అందులో ఎంత పోగొట్టుకున్నారు అన్నదే ఆ ప్రశ్న.

1929 జనవరి 31న ఉత్తర లండన్‌లోని హాలోవే ప్రాంతంలో, నలుగురు పిల్లల్లో చివరి సంతానంగా జీన్ పుట్టారు. తండ్రి చార్లెస్ సిమన్స్ వ్యాయామ ఉపాధ్యాయులు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన బ్రిటన్ జిమ్నాస్టిక్స్ జట్టులో సభ్యులు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ కుటుంబం లండన్ వదిలి సోమర్సెట్‌లోని విన్స్‌కోమ్ అనే పల్లెకు తరలిపోయింది. లండన్‌కు తిరిగి వచ్చి ఐడా ఫాస్టర్ నృత్య పాఠశాలలో చేరిన ఈ పద్నాలుగేళ్ల పిల్లను దర్శకులు వాల్ గెస్ట్ ఎంచుకుని, 1944లో విడుదలైన 'గివ్ అస్ ది మూన్'లో అప్పటి పెద్ద తార మార్గరెట్ లాక్‌వుడ్‌కు చెల్లెలిగా నటింపజేశారు. ఆ తర్వాత 'ది వే టు ది స్టార్స్'లో ఒక పాట పాడే అమ్మాయిగా, 'సీజర్ అండ్ క్లియోపాత్రా'లో హార్ప్ వాయించే యువతిగా చిన్న చిన్న వేషాలు వచ్చాయి. నటనలో ఆమెకు పద్ధతి ప్రకారం శిక్షణ అంటూ పెద్దగా లేదు. ఉన్నదల్లా నాట్యం వల్ల అలవడిన నడక, నిలకడ, తల ఎత్తిపెట్టే తీరు.

ఆ నడకే 1946లో డేవిడ్ లీన్ తీసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో ఎస్టెల్లాకు ప్రాణం పోసింది. డికెన్స్ నవల ఆధారంగా తీసిన ఆ చిత్రంలో, పాడుబడిన భవంతి గేటు తెరిచి కథానాయకుడైన కుర్రవాడు పిప్‌ను లోపలికి తీసుకువెళ్లేది ఎస్టెల్లాయే. చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తితో ఆమె చీకటి మెట్లు ఎక్కుతుంటే, వెనకాల వస్తున్న కమ్మరి ఇంటి కుర్రవాడి ముతక బూట్ల చప్పుడు వినిపిస్తుంది. పేకాట కూర్చున్నప్పుడు జాకీని అతడు ఏమని పిలుస్తాడో విని నవ్వడంలో, అతడి గరుకు చేతులను ఎత్తి చూపడంలో జీన్ ఎక్కడా గొంతు పెంచరు. పెదవి చివర చిన్న విరుపు, రెప్ప వాల్చడంలో రవ్వంత ఆలస్యం, అంతే. ఆ అమ్మాయి క్రూరత్వం ఎవరో నేర్పిన పాఠమని, ఆ పాఠాన్ని ఆమె బుద్ధిగా అప్పజెబుతోందని ప్రేక్షకుడికి స్పష్టంగా అర్థమవుతుంది. చిత్రం రెండో సగంలో పెద్దయిన ఎస్టెల్లాగా వాలెరీ హాబ్సన్ వస్తారు. ఆమె మంచి నటి అయినప్పటికీ, మొదటి సగంలో ఉన్న పదును అక్కడ ఉండదు. కథలోని ప్రేమను మనం నమ్ముతున్నామంటే అందుకు జీన్ సిమన్స్ కనిపించిన ఆ కొద్ది నిమిషాలే కారణం. నటనను ఒక వృత్తిగా గంభీరంగా తీసుకోవాలన్న ఆలోచన ఆమెలో స్థిరపడింది కూడా ఈ చిత్రంతోనే.

మరుసటి ఏడాది వచ్చిన 'బ్లాక్ నార్సిసస్' భారతీయ పాఠకులకు కొంత ఇబ్బంది కలిగించే చిత్రం. హిమాలయాల అంచున, ఒకప్పుడు రాజుగారి అంతఃపురంగా ఉన్న భవనంలో మఠం నడపడానికి వచ్చిన క్రైస్తవ సన్యాసినుల కథ ఇది. దర్శకులు పావెల్, ప్రెస్‌బర్గర్ ద్వయం దీని కోసం ఇండియాలో అడుగు పెట్టలేదు. కొండలూ లోయలూ పైన్‌వుడ్ స్టూడియోలో అద్దాల మీద గీసిన చిత్రాలుగా, తోటలు ససెక్స్‌లోని లియోనార్డ్స్‌లీ ఉద్యానంగా తెర మీదికి వచ్చాయి. ఛాయాగ్రహణానికి జాక్ కార్డిఫ్, కళా దర్శకత్వానికి ఆల్ఫ్రెడ్ యుంగె ఆస్కార్లు గెలుచుకున్నారు. అందులో కాంచి అనే స్థానిక అనాథ పిల్లగా, ఒంటికి చామన రంగు పూసుకుని, ముక్కుకు నగ పెట్టుకుని కనిపించేది పద్దెనిమిదేళ్లు దాటని జీన్ సిమన్స్. ఆమెకు ఎదురుగా యువ రాజకుమారుడి పాత్ర వేసిన సాబు ఒక్కరే ప్రధాన తారాగణంలో నిజంగా ఇండియాలో, మైసూరు ప్రాంతంలో, పుట్టినవారు. కాంచికి సంభాషణలు లేవు. ఖాళీ గదిలో ఒంటరిగా ఆమె ఆడే నృత్యం ఏ భారతీయ నాట్య సంప్రదాయానికీ చెందదు. తూర్పు దేశాల స్త్రీ గురించి లండన్ కన్న కలకు అది రూపం. ఆ తప్పును తప్పుగానే చెప్పాలి. తెల్లతోలు మీద రంగు పూసి ఒక జాతిని మాటలు లేని ఆకర్షణగా మార్చడం ఆ నాటి పరిశ్రమకు మామూలు విషయమే అయినా, అది మామూలైనంత మాత్రాన న్యాయం కాజాలదు. అయితే నటిగా ఆమె చూపినదాన్ని దీనితో కలిపి కొట్టిపారేయలేము. పండు కొరుకుతూ, కంటి చివరల నుంచి ఎదుటివారిని అంచనా వేస్తూ, మాట అవసరం లేకుండా ఒక మనిషి ఆకలిని, తెలివిని తెర మీద నిలపగలగడం అంత చిన్న వయసులో ఆమెకు సాధ్యమైంది. ఆ చిత్రం బ్రిటన్‌లో 1947 మే నెలలో విడుదలైంది. మూడు నెలలు తిరగకుండానే ఆ సన్యాసినుల వెనక ఉన్న సామ్రాజ్యం ఇండియా వదిలి వెళ్లింది.

ఒలీవియర్ 'హామ్లెట్' తీస్తూ ఒఫీలియా పాత్రకు జీన్‌ను పిలిచినప్పుడు షేక్‌స్పియర్ నాటకాలతో ఆమెకు పరిచయం లేదు. ఆ పాత్ర మీద ఒలీవియర్ భార్య వివియన్ లీకి ఆశ ఉన్నా, వయసు రీత్యా ఆయన కొత్త ముఖాన్నే కోరుకున్నారు. మతి చలించాక పూలు పంచిపెట్టే ఘట్టంలో చాలామంది నటీమణులు పాటను, ఏడుపును కలిపి ఒక ప్రదర్శనగా మార్చేస్తారు. జీన్ ఒఫీలియా మాత్రం ఇంట్లో తప్పిపోయిన చిన్నపిల్లలా గదులు తిరుగుతుంది. 1948లో వెనిస్‌లో ఉత్తమ నటి బహుమతి, ఆ తర్వాత ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ నామినేషన్ ఈ పాత్రకే వచ్చాయి. బ్రిస్టల్ ఓల్డ్ విక్ రంగస్థల బృందంలో చేరి, ఏ వేషం ఇస్తే ఆ వేషం వేస్తూ పని నేర్చుకోమని ఒలీవియర్ సలహా ఇచ్చారు. ఆమెకు అంతకంటే మంచి సలహా ఎవరూ ఇవ్వలేదని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అనిపిస్తుంది. కానీ ఆమె ర్యాంక్ ఒప్పందంలో ఉన్నారు, సంస్థ ఒప్పుకోలేదు. నాటకం నేర్వవలసిన కాలంలో ఆమెను ఫిజీ దీవులకు పంపి 'ది బ్లూ లగూన్' తీశారు.

ఒప్పందం అన్న మాటను ఇక్కడ కాస్త వివరించాలి. ఆ రోజుల్లో నటీనటులు ఒక్కో చిత్రానికి విడివిడిగా కుదుర్చుకునేవారు కాదు. స్టూడియో కొన్నేళ్లకు జీతం మాట్లాడుకునేది. ఆ కాలమంతా ఎందులో నటించాలో, ఏ సంస్థకు అరువు వెళ్లాలో, ఎప్పుడు ఖాళీగా కూర్చోవాలో అదే నిర్ణయించేది. మద్రాసు స్టూడియోల్లో నెలజీతం మీద పనిచేసిన మన పాతతరం నటుల కథలు విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. బ్రిటన్‌లో ఈ అధికారం ఎక్కువగా జె. ఆర్థర్ ర్యాంక్ చేతిలో ఉండేది. పిండి మరల వ్యాపార కుటుంబం నుంచి వచ్చిన ఆయన పైన్‌వుడ్, డెనమ్ స్టూడియోలకూ, ఓడియన్, గోమాంట్ సినిమా హాళ్లకూ యజమాని అయ్యారు. 1947 ఆగస్టులో బ్రిటన్ ప్రభుత్వం అమెరికన్ చిత్రాల మీద 75 శాతం సుంకం వేయగానే హాలీవుడ్ తన చిత్రాలు పంపడం మానేసింది. ఆ ఖాళీని నింపుదామని ర్యాంక్ హడావుడిగా చిత్రాలు తీయడం, కొద్ది నెలలకే సుంకం తొలగిపోయి అమెరికన్ చిత్రాలు ఒక్కసారిగా వచ్చి పడటం వెంటవెంటనే జరిగాయి. 1949 నాటికి సంస్థ బ్యాంకు అప్పు 1.6 కోట్ల పౌండ్లకు చేరింది. అంత అప్పులో ఉన్న వ్యాపారికి విదేశంలో గిరాకీ ఉన్న నటి ఒప్పందం ఎలా కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఈలోగా 1950 డిసెంబరులో ఆమె, తన కంటే పదహారేళ్లు పెద్దవారైన నటులు స్టూవర్ట్ గ్రేంజర్‌ను అరిజోనాలోని టూసాన్‌లో పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లి ఏర్పాట్లు చూసింది హౌవర్డ్ హ్యూసే. విమానాల వ్యాపారంలో కోట్లకు పడగెత్తిన హ్యూస్ 1948లో ఆర్కేవోను చేజిక్కించుకున్నారు. స్టూడియోను నడపడం కంటే అందులోని నటీమణుల జీవితాలను అదుపులో పెట్టుకోవడం మీదే ఆయనకు ఆసక్తి ఎక్కువ. ర్యాంక్ నుంచి కొన్న గడువు కొద్ది నెలలదే అయినా, ఆ తర్వాతి సంవత్సరాలకు కూడా నోటిమాటగా అంగీకారం కుదిరిందని హ్యూస్ పక్షం వాదించింది. ఆమెను వ్యక్తిగతంగా లొంగదీసుకోవాలన్న హ్యూస్ ప్రయత్నం ఫలించకపోవడంతో ఆ పట్టు మరింత బిగుసుకుంది. సరిగ్గా అదే సమయంలో విలియం వైలర్ 'రోమన్ హాలిడే' కోసం రాజకుమారి పాత్రకు ఆమెను అనుకున్నారు. హ్యూస్ అరువు ఇవ్వలేదు. ఆ పాత్ర ఆడ్రీ హెప్‌బర్న్‌కు వెళ్లింది, దానితో పాటే ఆస్కార్ కూడా. హెప్‌బర్న్ ఆ పాత్రలో ఎంత బాగున్నారో చెప్పనవసరం లేదు. ఇక్కడ గుర్తించవలసింది మరొకటి: ఒక నటి జీవితాన్ని మార్చగల అవకాశం రావడం, పోవడం రెండూ ఆమె ప్రమేయం లేకుండానే జరిగిపోయాయి.

సిమన్స్, గ్రేంజర్ దంపతులు లాస్ ఏంజలెస్‌లో కోర్టుకెక్కారు. హాలీవుడ్‌లో నిలదొక్కుకోని ఒక ఇంగ్లిష్ యువతి అమెరికా సంపన్నుల్లో ఒకరి మీద దావా వేయడం ఆషామాషీ విషయం కాదు. ఓడిపోతే ఎన్నేళ్లు పని లేకుండా ఉండాలో తెలియని స్థితి అది. 1952లో వ్యవహారం రాజీతో ముగిసింది, వేరే స్టూడియోల్లో నటించే స్వేచ్ఛ ఆమెకు దక్కింది. అయితే ఆర్కేవో నుంచి బయటపడే ముందు ఆమె మరో చిత్రం చేయవలసి వచ్చింది. ఆమె మిగిలిన పనిదినాలు పద్దెనిమిదే కావడంతో హ్యూస్ దర్శకులు ఆటో ప్రెమింజర్‌ను పిలిపించి, ఆ గడువులోనే చిత్రం పూర్తి చేయమన్నారు. హ్యూస్ మీది కోపంతో ఆమె అప్పటికే కత్తెర తీసుకుని తన జుట్టు కురచగా కత్తిరించేసుకున్నారు. అందుకే 'ఏంజెల్ ఫేస్' మొత్తం ఆమె విగ్గుతోనే కనిపిస్తారు.

పగ తీర్చుకోవడానికన్నట్టు తలపెట్టిన ఆ పద్దెనిమిది రోజుల పని నుంచి ఆమె నట జీవితంలోని అత్యుత్తమ పాత్రల్లో ఒకటి పుట్టడం విచిత్రమే. డయాన్ అనే సంపన్న యువతి సవతి తల్లిని చంపాలని కారులో ఏర్పాటు చేస్తుంది. ప్రాణంలా చూసుకునే తండ్రి కూడా అదే కారులో ఎక్కి చనిపోతాడు. ఇలాంటి పాత్రను ఆ రోజుల్లో సిగరెట్ పొగ, వాలుచూపులతో నడిపించేసేవారు. సిమన్స్ డయాన్ చాలా మెల్లగా, మర్యాదగా మాట్లాడుతుంది. ఎదుటివారి జీవితాన్ని తాను కోరుకున్నట్టు మలచుకోవడం తప్పన్న సంగతే ఆమెకు తోచదు. విచారణ నుంచి బయటపడ్డాక, అందరూ వెళ్లిపోయిన ఇంట్లో ఆమె ఒక్కతే రాత్రంతా తిరిగే ఘట్టం ఒకటుంది. ఒక గది, మరొక గది, తండ్రి వాడిన వస్తువులు. చివరికి ప్రేమించిన ఫ్రాంక్ గదిలోకి వెళ్లి అతడి కోటు ఒంటికి చుట్టుకుని కుర్చీలో ముడుచుకుని కూర్చుంటుంది. మాట లేదు, కన్నీరు లేదు. హంతకురాలి మీద జాలి పుట్టించడానికి దర్శకుడు ఏ సంగీతాన్నీ అరువు తెచ్చుకోనవసరం లేనంత నిండుగా ఆ కొద్ది నిమిషాలను ఆమె నింపారు. ఆఖరున ఫ్రాంక్ ఆమెను వదిలి బస్సు ఎక్కడానికి బయల్దేరుతాడు, తాను దింపుతానంటుంది. కారులో కూర్చున్నాక ఒక్కసారి అతడి వైపు చూసి గేరు వెనక్కి వేస్తుంది. కారు ఇద్దరితో పాటు లోయలో పడిపోతుంది. అతడు ముందే పిలిచిన టాక్సీ తర్వాత వచ్చి, ఖాళీ ఇంటి ముందు హారన్ మోగిస్తూ నిలబడుతుంది. ఫ్రాంక్‌గా వేసిన రాబర్ట్ మిచమ్ ఆమెను చెంపదెబ్బ కొట్టే దృశ్యాన్ని ప్రెమింజర్ పదే పదే తీయించారని, చివరికి మిచమ్ తిరగబడి దర్శకుడి మీదే చేయి చేసుకున్నారని ఒక ఉదంతం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. విడుదలైనప్పుడు పెద్దగా పట్టించుకోని ఈ చిత్రాన్ని ఫ్రాన్స్‌లో దర్శకులు జాన్ లూక్ గొదార్ తర్వాత అమెరికన్ టాకీల్లో అత్యుత్తమమైన పదింటిలో ఒకటిగా లెక్కించారు.

స్వేచ్ఛ వచ్చిన వెంటనే, 1953లో, ఆమె నటించిన మూడు చిత్రాలు విడుదలై అమెరికాలోని సినీ సంస్థ నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ ఉత్తమ నటి గుర్తింపు తెచ్చాయి. 'యంగ్ బెస్'లో ఆమె మొదటి ఎలిజబెత్ రాణి బాల్య యౌవనాలను అభినయించారు. 'ది రోబ్' సినిమాస్కోప్‌లో విడుదలైన తొలి చిత్రం కావడంతో ప్రపంచమంతా చూసింది. జార్జ్ క్యూకర్ తీసిన 'ది యాక్ట్రెస్' ఎక్కువమంది చూడలేదు గానీ, మూడింటిలో విలువైనది అదే. రచయిత్రి, నటి రూత్ గార్డన్ తన యవ్వనం గురించి రాసుకున్న నాటకం దానికి మూలం. నాటకాల పిచ్చి పట్టిన కూతురిగా సిమన్స్, మొదట మండిపడి, తర్వాత ప్రాణప్రదంగా దాచుకున్న తన దుర్భిణిని అమ్ముకోమని ఆమె చేతిలో పెట్టే తండ్రిగా స్పెన్సర్ ట్రేసీ నటించారు. ఆ దుర్భిణి అందుకునేటప్పుడు సిమన్స్ ముఖంలో సంతోషం కంటే ముందు సిగ్గు కనిపిస్తుంది. తండ్రి ఎంత ఇచ్చాడో ఆ పిల్లకు ఆ క్షణంలోనే తెలిసిందని చెప్పడానికి అంతకంటే వేరే సంభాషణ అక్కరలేదు.

తర్వాతి ఏళ్లలో ఆమెకు పని కొరత లేదు, తగిన పాత్రల కొరత మాత్రం ఉంది. భారీ చరిత్ర చిత్రాలు ఆమెను అలంకరణగా వాడుకున్నాయి. 1955 నాటి 'గైస్ అండ్ డాల్స్'లో మార్లన్ బ్రాండో సరసన మతప్రచారకురాలు సారా బ్రౌన్‌గా తన పాటలు తానే పాడి గోల్డెన్ గ్లోబ్ అందుకున్నారు. హవానాలో తొలిసారి మద్యం తలకెక్కినప్పుడు ఆ క్రమశిక్షణ గల యువతి వదులైపోయే తీరు ఆ చిత్రంలో అన్నిటికంటే హాయిగా ఉంటుంది. 1958లో 'రోమన్ హాలిడే' దర్శకులు వైలర్‌తోనే 'ది బిగ్ కంట్రీ' చేశారు. అదే ఏడాది 'హోమ్ బిఫోర్ డార్క్'లో మానసిక చికిత్సాలయం నుంచి ఇంటికి తిరిగొచ్చిన భార్యగా, తనకు పిచ్చి లేదని అందరికీ రుజువు చేసుకోవలసిన స్త్రీగా ఆమె చూపిన సంయమనం ఇప్పుడు చూసినా పాతబడలేదు.

1960లో రిచర్డ్ బ్రూక్స్ దర్శకత్వంలో వచ్చిన 'ఎల్మర్ గ్యాంట్రీ' ఆమె ప్రతిభకు తగిన కొలతలో ఉన్న పాత్ర. గుడారాల్లో సభలు పెట్టి ఊరూరా తిరిగే మత బోధకురాలు సిస్టర్ షారన్ నిజంగా దైవాన్ని నమ్ముతుంది, అదే సమయంలో టికెట్ల లెక్కలూ చూసుకుంటుంది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉందని ఆ స్త్రీకి ఎన్నడూ అనిపించకపోవడమే ఆ పాత్రలోని కష్టం. నమ్మకాన్ని మోసంగా చూపించి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక, భక్తిగా చూపించి కన్నీళ్లు పెట్టించడం ఇంకా తేలిక. సిమన్స్ ఆ రెంటికీ లొంగలేదు. బర్ట్ లాంకాస్టర్ కండబలంతో, అరుపులతో, పళ్లన్నీ బయటపెట్టిన నవ్వుతో తెరను ఆక్రమిస్తుంటే, ఆయన పక్కన నిలబడి గొంతు తగ్గించి మాట్లాడే ఈమె వైపే సభ మొత్తం తిరుగుతుంది. చివర్లో కొత్త ఆలయం మంటల్లో చిక్కుకుని జనం పరుగులు తీస్తుంటే, వెళ్లవద్దని వారిని బతిమాలుతూ ఆమె అక్కడే ఉండిపోతుంది. ఈ చిత్రానికి లాంకాస్టర్‌కు, షిర్లీ జోన్స్‌కు, రచనకు బ్రూక్స్‌కు ఆస్కార్లు వచ్చాయి. సిమన్స్‌కు నామినేషన్ కూడా రాలేదు. అకాడమీ పొరపాట్ల జాబితా పెద్దదే, కానీ అందులో ఇది పై వరుసలో ఉండవలసినది.

అదే ఏడాది గ్రేంజర్‌తో విడాకులు, బ్రూక్స్‌తో పెళ్లి, కిర్క్ డగ్లస్ 'స్పార్టకస్'లో వరీనియా పాత్ర వచ్చాయి. అరవైల హాలీవుడ్ ముప్పై దాటిన నటీమణులకు ఇచ్చిన చోటు చాలా ఇరుకు. ఆమెకు మద్యం అలవాటు ముదిరింది. 1969లో బ్రూక్స్ ఆమె కోసమే 'ది హ్యాపీ ఎండింగ్' రాసి తీశారు. పెళ్లిలో ఊపిరాడక తాగుడుకు లోనైన గృహిణి పాత్రలో ఆమెకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ దక్కింది. భార్య బాధను భర్త కథగా రాయడం, ఆ కథను ఆమె చేతే నటింపజేయడం ఎంతవరకు సహాయం, ఎంతవరకు మరో రకమైన అదుపు అన్న ప్రశ్న ఆ చిత్రం చూస్తున్నంతసేపూ వెంటాడుతుంది. 1986లో ఆమె బెట్టీ ఫోర్డ్ వ్యసన విముక్తి కేంద్రంలో చికిత్సకు చేరి, తన వ్యసనం గురించి బహిరంగంగా మాట్లాడారు. ఆ తరం తారలు ఇలాంటి విషయాలు దాచుకునేవారు. ఈ మాటలు ఎవరూ ఆమె కోసం రాసినవి కావు.

యవ్వనంలో ర్యాంక్ నిరాకరించిన రంగస్థలం డెబ్బైల్లో ఆమెకు దక్కింది. 'ఎ లిటిల్ నైట్ మ్యూజిక్' సంగీత నాటకంతో అమెరికా అంతా తిరిగి, 1975లో లండన్‌లోనూ ప్రధాన పాత్ర వేశారు. 1983లో 'ది థార్న్ బర్డ్స్' టెలివిజన్ ధారావాహికకు ఎమ్మీ అనే టీవీ పురస్కారం వచ్చింది. 1989లో 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' టెలివిజన్ రూపంలో మళ్లీ తీసినప్పుడు మిస్ హావిషమ్ పాత్రకు ఆమెను పిలిచారు. పదిహేడేళ్ల వయసులో కొవ్వొత్తి పట్టుకుని పిప్‌ను ఏ గదికి తీసుకువెళ్లారో, అరవై ఏళ్ల వయసులో అదే గదిలో మాసిన పెళ్లిబట్టలతో కూర్చుని, ఆ క్రూరత్వాన్ని ఎస్టెల్లాకు నేర్పిన మనిషిగా ఆమె కనిపించారు.

2003లో బ్రిటన్ ప్రభుత్వం ఆమెకు ఓబీఈ (ఆఫీసర్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్) పురస్కారం ఇచ్చింది. 2010 జనవరి 22న, ఎనభై ఒకటో పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు, కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆమె కన్నుమూశారు. అమెరికన్ పౌరసత్వం తీసుకుని యాభై ఏళ్లు దాటినా, ఆమె సమాధి మాత్రం పుట్టిన హాలోవేకు దగ్గరలోనే, లండన్ హైగేట్ శ్మశానవాటికలో ఉంది.